బేవుల్ఫ్ ప్రతి: మంట కన్నా ఎక్కువ పోగొట్టిన 114 ఏళ్లు

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ‘కాటన్ వైటెల్లియస్ ఏ 15’ అనే గుర్తుతో ఒక సంపుటం ఉంది. పాత ఇంగ్లిష్ కావ్యం ‘బేవుల్ఫ్’కి ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి ఉన్నది అందులోనే. 3182 పాదాల కావ్యం, 70 ఆకులు, 140 పుటలు. ఈ ప్రతి గురించి ఎక్కడ చదివినా ముందుగా 1731 నాటి అగ్నిప్రమాదమే ఎదురవుతుంది. నిప్పు కావ్యాన్ని సగం మింగేసిందనీ, మిగిలింది అదృష్టమనీ చదివినవాళ్లకు అనిపిస్తుంది. ఆకుల్ని దగ్గరగా చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. ఆ రాత్రి మంట కాల్చింది అంచుల్ని. కాలి పెళుసెక్కిన ఆ అంచులు పొడిపొడిగా రాలుతూ అక్షరాల్ని తమతో పట్టుకుపోయింది మాత్రం ఆ తర్వాత, 1845లో మరమ్మతు జరిగేదాకా సాగిన 114 ఏళ్లలో. అదీ భద్రంగా దాచామనుకున్న చోటే.

ఒకే ప్రతి ఉండడమంటే ఏమిటో తెలుగు పాఠకులకు విడిగా చెప్పుకోవాలి. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించడానికి ఎన్నో ప్రతులు సేకరించి ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. ఒక తాటాకు ప్రతిలో పురుగు తిన్న పాదం ఇంకో ప్రతిలో దొరికేది. ఏది అసలు పాఠమో తేల్చడం కష్టమే అయినా తేల్చడానికి సరుకంటూ ఉండేది. బేవుల్ఫ్‌కి ఆ వీలు లేదు. అంచు మీద ఒక అక్షరం రాలిందంటే, అంతకుముందే ఎవరైనా నకలు తీసి ఉంటే తప్ప, ఇక ఊహించుకోవలసిందే.

ఈ సంపుటం నిజానికి ఒక పుస్తకం కాదు, రెండు. మొదటి 90 ఆకులు 12వ శతాబ్దంలో రాసినవి. వీటిని ‘సౌత్‌విక్ కోడెక్స్’ అంటారు (కోడెక్స్ అంటే ఆకులు కుట్టిన రాతపుస్తకం). సెయింట్ అగస్టీన్ ‘ఆత్మ సంభాషణ’కు పాత ఇంగ్లిష్ రూపం, నికొదేము సువార్త వంటివి ఇందులో ఉన్నాయి. తర్వాతి 116 ఆకులు ‘నోవెల్ కోడెక్స్’. ఇది క్రీ.శ. 1000కి అటూ ఇటూ రాసినది, అంటే మొదటి భాగం కన్నా వందేళ్ల పైగా పాతది. ఈ రెంటినీ 17వ శతాబ్దంలో ఒకే అట్టల మధ్య కుట్టేశారు. వీటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. ‘బేవుల్ఫ్ ప్రతి ఫలానా మఠానిది’ అని అక్కడక్కడా కనిపించే పొరపాటుకు కారణం ఈ కుట్టే. సౌత్‌విక్ మఠం ముద్ర మొదటి భాగానిది, కావ్యం ఉన్నది రెండో భాగంలో.

నోవెల్ కోడెక్స్‌లో ఐదు రచనలున్నాయి. సెయింట్ క్రిస్టఫర్ వధ గురించిన కథ మొదలు లేకుండా ఉంది. దాని తర్వాత బొమ్మలతో ‘తూర్పు దేశాల వింతలు’, ఆపైన అలెగ్జాండర్ తన గురువు అరిస్టాటిల్‌కి రాసినట్టు చెప్పే లేఖ, ఆ తర్వాత బేవుల్ఫ్. చివరగా బైబిల్లోని యూదిత్ కథను చెప్పే పద్యకావ్యం, దీనికీ మొదలు పోయింది. క్రిస్టఫర్ ఇక్కడ పన్నెండు బారల ఎత్తు మనిషి. ‘వింతలు’లో కుక్కతలల మనుషులు, కుక్కలంత చీమలు కనిపిస్తాయి. అలెగ్జాండర్ లేఖ సాగేదంతా భారతదేశంలోనే. పోరస్‌తో యుద్ధం, నీళ్లు దొరకని ఎడారులు, రాత్రిళ్లు మీద పడే పాములు, జోస్యం చెప్పే సూర్యచంద్ర వృక్షాలు అందులో వస్తాయి. లాటిన్ నుంచి అనువాదమైన ఈ ఊహాభారతాన్ని రాసిన చెయ్యే పుటలు తిప్పి బేవుల్ఫ్‌లోని గ్రెండెల్ అనే రాక్షసుడి కథ ఎత్తుకుంది. ఈ కోడెక్స్‌ని వింతజీవుల పుస్తకంగానే కూర్చి ఉంటారని కెనెత్ సిసమ్ అనే పండితుడు సూచించాడు. యూదిత్ ఆ వరుసలో అంత బాగా ఇమడదు. అది మొదట్లో ఈ స్థానంలో లేదేమోనన్న అనుమానానికి ఇంకో భౌతిక ఆధారమూ ఉంది. బేవుల్ఫ్ చివరి పుట బాగా మాసి, అరిగి ఉంది. పుస్తకం మధ్యలో ఉండాల్సిన పుట అలా అరగదు. కొంతకాలం అది బయటి పుటగా ఉండి ఉండాలి.

ఆకు, మడత, గీత

ఆకులు తోలువి. చర్మాన్ని సున్నపునీళ్లలో నానబెట్టి, రోమం తీసి, చట్రానికి బిగలాగి, వంపు కత్తితో గీకుతూ ఆరబెట్టి చేసేది ఈ తోలుపత్రం. చెప్పుల తోలులా దీన్ని ఊనరు, కాబట్టి నీళ్లూ వేడీ తగిలితే మళ్లీ పచ్చి చర్మంలాగే ప్రవర్తిస్తుంది. ఈ ఒక్క గుణమే తర్వాతి కష్టాలన్నిటికీ మూలం. ఒక్కో ఆకుకు రోమపు వైపు కాస్త పసుపు పచ్చగా, సన్నని చుక్కలతో కనిపిస్తుంది. మాంసపు వైపు తెల్లగా ఉంటుంది. పుస్తకం విప్పినప్పుడు ఎదురెదురు పుటల రంగు ఏ పద్ధతిలో వస్తున్నదో చూసుకుంటూ పోతే, ఆ పద్ధతి తప్పిన చోట ఆకు పోయిందో, తారుమారైందో అని అనుమానించవచ్చు.

తాటాకు ప్రతిలో ప్రతి ఆకూ విడిదే. తాడు విప్పి ఒక కమ్మ పోగొడితే పోయేది ఆ కమ్మ ఒక్కటే. తోలు పుస్తకం అలా కాదు. నాలుగు పెద్ద తావుల్ని ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పుటలు అవుతాయి. ఈ మడతకట్టే ప్రాథమిక భాగం. ఇలాంటి కట్టల్ని వరసగా పేర్చి వీపు దగ్గర కుడతారు. మొదటి ఆకూ ఎనిమిదో ఆకూ ఒకే తావువి కాబట్టి ఒకటి చిరిగితే దాని జత ఆకు కూడా వదులవుతుంది. బేవుల్ఫ్‌లో చాలా కట్టలు ఎనిమిదేసి ఆకులవి, కొన్ని పదివి. ఇంత నిక్కచ్చిగా చెప్పే ఈ లెక్క కూడా అనుమానం మీద కట్టినదేనని గుర్తుంచుకోవాలి. ఎందుకో మరమ్మతు దగ్గర తెలుస్తుంది.

రాసే ముందు అంచుల్లో కత్తిమొనతో చిన్న రంధ్రాలు పొడిచి, వాటి ఆధారంగా మొండి మొనతో పంక్తిగీతలు నొక్కేవారు. మసి పూయని గంటం గీతల్లాంటివే ఇవి. ఒక వైపు గాడి, రెండో వైపు గట్టు. ఏటవాలుగా వెలుగు పడితేనే కనబడతాయి. పుటకు సుమారు 20 నుంచి 22 పంక్తులు. సిరా ఇప్పుడు గోధుమ రంగులో ఉంది. ఇవి పద్యాలు అని కళ్లకు తెలిసే గుర్తేమీ లేదు. పాదాలు విరవకుండా, వచనం లాగా ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నింపుకుంటూ పోయారు. అందుకే అంచు కాలినప్పుడు పోయింది ప్రతి పాదం చివరా కాదు, పుటలోని పంక్తి చివరో మొదలో. అది పాదంలో ఎక్కడైనా కావచ్చు. కావ్యానికి పేరు కూడా లేదు. ‘బేవుల్ఫ్’ అన్నది తర్వాతివాళ్లు కథానాయకుడి పేరుతో పెట్టుకున్నది. ముందుమాట లాంటి భాగం తర్వాత రోమన్ అంకెలతో 43 విభాగాలు నడుస్తాయి. ముప్ఫైల దగ్గరికొచ్చేసరికి ఆ అంకెలు వేసినవాళ్లు తడబడ్డారు.

రెండు చేతులు

నోవెల్ కోడెక్స్‌ని ఇద్దరు రాశారు. మొదటి లేఖకుడు వచన రచనలు మూడూ రాసి, బేవుల్ఫ్‌లో 1939వ పాదం దాకా వచ్చాడు. అక్కడ వాక్యం నడుస్తుండగానే, పుట పైభాగంలోనే చెయ్యి మారింది. ‘మోస్తె’ అనే మాట నుంచి రెండోవాడు అందుకుని కావ్యం పూర్తి చేసి, యూదిత్ కూడా రాశాడు. మొదటివాడి రాత ఎందుకు ఆగిందో ఎక్కడా రాసి లేదు. రెండోవాడు మాత్రం వెనక్కి వెళ్లి మొదటివాడి తప్పులు కొన్ని దిద్దాడు. అంటే ఇది ఏదో పురమాయించిన పనిలా అతికించినది కాదు, చూసుకుని చేసినదే.

తేదీ కట్టడానికి ఆధారం ఈ ఇద్దరి రాతే. మొదటివాడిది అప్పుడప్పుడే వస్తున్న గుండ్రని కొత్త తీరు. రెండోవాడిది వెనకబడిపోతున్న చతురస్రపు పాత తీరు. ఒకే పుటలో రెండూ ఉన్నాయంటే, రెండు తీరులూ పక్కపక్కన బతికిన కొద్ది దశాబ్దాల్లోనే రాసి ఉండాలి. అందుకే 1000కి అటూ ఇటూ అని చాలామంది అంటారు. 1016 తర్వాత, డేనిష్ రాజు క్నూట్ ఇంగ్లండ్‌ను ఏలుతున్న కాలంలో రాసి ఉండొచ్చని ఈ ప్రతిని పరిశోధించిన కెవిన్ కియర్నన్ వాదించాడు. డేన్‌ల రాజుల్ని పొగుడుతూ మొదలయ్యే కావ్యం కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ఆ పదేళ్ల ముందూ వెనకల్లో వాళ్లు ఊళ్లు తగలబెట్టే శత్రువులో, సింహాసనం మీది ప్రభువులో మారిపోతారు.

వర్ణక్రమం కూడా చేతితోపాటే మారింది. మొదటివాడు ‘బెఒవుల్ఫ్’ అని రాస్తే, రెండోవాడి భాగంలో ‘బిఒవుల్ఫ్’ కనిపిస్తుంది. ఒకే నాయకుడికి రెండు పలుకుబడులు. రెండోవాడు తన ముందున్న మాతృకలోని పాత రూపాల్ని అలాగే దించాడా, తన యాసలో రాశాడా అన్నది వేరే చర్చ. మొదటివాడు మాత్రం కొంత సరిచేసుకుంటూ రాశాడన్నది స్పష్టం.

పాత లెక్కలో 179వ ఆకు గురించి ఒక మాట (ఆకుల లెక్కలు రెండున్నాయి, ఆ సంగతి చివర్లో). డ్రాగన్ కాపలా కాసే నిధిలోంచి ఒకడు గిన్నె దొంగిలించే ఘట్టం ఇది, 2207 నుంచి 2252 పాదాల దాకా. ఈ ఆకు రెండు వైపులా రాత వెలిసిపోయి, పైన మళ్లీ దిద్దినట్టు ఉంటుంది. వెలిసిన రాతను తర్వాతెవరో సిరాతో తిరిగి దిద్దారని, ఆ క్రమంలో తప్పులు దొర్లాయని 1882లో ఈ ప్రతికి ఫొటో నకలు అచ్చు వేయించిన జూలియస్ జుపిట్జా అన్నాడు. కాదు, పాత రాతను కడిగేసి రెండో లేఖకుడే అక్కడ కొత్త పాఠం రాశాడని కియర్నన్ వాదన. మొదటిది నిజమైతే ఆ ఆకు చెడిపోయిన చోటు. రెండోది నిజమైతే కావ్యం ఇంకా తయారవుతున్న చోటు. చూసేందుకు రెండూ ఒకేలా ఉంటాయి.

ఎవరి చేతుల్లో

సౌత్‌విక్ భాగంలో ఒక మధ్యయుగపు యజమాని గుర్తు ఉంది. ‘ఈ పుస్తకం సౌత్‌విక్‌లోని మరియ మాత చర్చిది’ అని లాటిన్‌లో రాసి, దీన్ని ఎత్తుకుపోయినవాడికీ, ఈ రాతను మోసంతో చెరిపేసినవాడికీ శాపం పెట్టారు. దానశాసనాల చివర శాపశ్లోకాలు చూసిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. హాంప్‌షైర్‌లోని ఆ మఠాన్ని 1538లో ఎనిమిదో హెన్రీ రద్దు చేయించాడు. శాపం రాజుకి తగిలిన దాఖలా లేదు. పుస్తకాలు మాత్రం చెల్లాచెదురయ్యాయి.

బేవుల్ఫ్ ఉన్న భాగానికి తొలి యజమాని గుర్తు దాని మొదటి పుట పైన ఉంది: లారెన్స్ నోవెల్ పేరు, 1563. అంతకుముందు సుమారు 550 ఏళ్లు ఇది ఎక్కడుందో చెప్పే ఒక్క రాత కూడా ఆకుల మీద లేదు. నోవెల్ అప్పట్లో మొదటి ఎలిజబెత్ మంత్రి విలియం సెసిల్ ఇంట్లో, ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ అయిన కుర్రవాడికి చదువు చెప్పేవాడు. పాత ఇంగ్లిష్ చదవగలిగిన కొద్దిమందిలో ఒకడు, ఆ భాషకు తొలి నిఘంటువు కూర్చినవాడు. పాత ప్రతులకు నకళ్లు తీయడం ఆయన అలవాటు. ‘ఓథో బి 11’ అని ఇప్పుడు పిలిచే చరిత్ర ప్రతికి 1562లో ఆయన నకలు తీశాడు. ఆ మూలం 1731లో దాదాపు పూర్తిగా తగలబడింది. ఇప్పుడు దాని పాఠం తెలిసేది ముఖ్యంగా ఆయన నకలు వల్ల. బేవుల్ఫ్‌కి అలాంటి నకలేదీ ఆయన నుంచి మనకు అందలేదు. 1567లో ఇంగ్లండ్ వదిలి వెళ్లిన ఆయన మళ్లీ తిరిగి రాలేదు.

తర్వాత ఇది సర్ రాబర్ట్ కాటన్ చేతికి వచ్చింది. కాటన్ 1571లో పుట్టి 1631లో పోయాడు. మఠాల నుంచి చెదిరిన ప్రతుల్ని ఆయనంతగా పోగుచేసినవాళ్లు ఇంగ్లండ్‌లో లేరు. ఆయన గ్రంథాలయంలో బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలబొమ్మలు, వాళ్లతోపాటు క్లియోపాత్రా, ఫౌస్టినా బొమ్మలు ఉండేవి. వైటెల్లియస్ బొమ్మ కింద, ‘ఏ’ అనే పై అరలో, పదిహేనో పుస్తకం కాబట్టే ఇది వైటెల్లియస్ ఏ 15. బీరువాలు పోయినా చిరునామా అదే. సంబంధం లేని ప్రతుల్ని ఒకే పరిమాణంలో ఉన్నాయని కలిపి కుట్టించడం కాటన్‌కి మామూలే. పుస్తకాలు పోకుండా కాపాడిన చెయ్యే వాటి పుట్టుపూర్వోత్తరాల్ని చెరిపిందన్నమాట. రాజకీయ పత్రాల వల్ల అనుమానం వచ్చి మొదటి చార్లెస్ ప్రభుత్వం 1629లో ఆ గ్రంథాలయానికి సీలు వేసింది. మనవడు సర్ జాన్ కాటన్ దాన్ని జాతికి ఇవ్వడానికి ఒప్పుకోగా పార్లమెంటు చట్టం చేసింది. 1702లో ఆయన మరణంతో అది ప్రజల సొత్తయింది.

ఈ కాలమంతా బేవుల్ఫ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. 1696లో అచ్చయిన కాటన్ గ్రంథాల జాబితా దాన్ని దాటేసిపోయింది. యూదిత్‌కి మాత్రం గిరాకీ ఉంది. బైబిల్ కథ కదా! ఫ్రాన్సిస్ జూనియస్ 17వ శతాబ్దంలోనే దానికి నకలు తీశాడు, 1698లో అది అచ్చయింది కూడా. ఈ తేడా ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. యూదిత్ అంచుల్లో రాలిన అక్షరాల్ని జూనియస్ నకలు చూసి నింపుకోవచ్చు, బేవుల్ఫ్‌కి మంటకు ముందు అంత నకలే లేదు. ఉన్నదల్లా 1705లో హంఫ్రీ వాన్లీ తన జాబితాలో నమూనాగా ఎత్తి రాసిన 1 నుంచి 19, 53 నుంచి 73 పాదాలు. వాన్లీ గొప్ప లిపి పండితుడే కానీ, ఇది బేవుల్ఫ్ అనే డేన్ స్వీడన్ రాజులతో చేసిన యుద్ధాల కావ్యం అని తప్పుగా రాశాడు. ఆ తప్పు మేలే చేసింది. అది చదివే ఎనభై ఏళ్ల తర్వాత ఒకాయన డెన్మార్క్ నుంచి బయల్దేరాడు.

మంట ఏం చేసింది

కాటన్ ఇల్లు పాడుబడడంతో 1722లో పుస్తకాల్ని స్ట్రాండ్‌లోని ఎసెక్స్ హౌస్‌కి మార్చారు. అక్కడ అగ్నిభయం ఉందని వెస్ట్‌మిన్‌స్టర్‌లోని ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌కి తెచ్చారు. పేరులోనే బూడిదా మంటా వినిపించే ఇల్లది! 1731 అక్టోబరు 23 తెల్లవారకముందే గ్రంథాలయం కింది గదిలో పొయ్యి చిమ్నీకి అడ్డంగా ఉన్న దూలం అంటుకుంది. మంట బీరువాల వెనక నుంచి ఎక్కింది. బీరువాల్ని అలాగే బయటికి లాగుదామని చూసి, కుదరక, తలుపులు పగలగొట్టి పుస్తకాల్ని కిటికీల్లోంచి విసిరారు. అక్కడే ఉన్న రాజగ్రంథాలయపు డాక్టర్ బెంట్లీ, పేరుపడ్డ గ్రీకు బైబిల్ ప్రతి ‘అలెగ్జాండ్రినస్’ని చంకన పెట్టుకుని పడక దుస్తుల్లోనే బయటికి వచ్చాడు. మర్నాటి నుంచి విడి ఆకుల్ని ఏరి తాళ్ల మీద ఆరేశారు. 958 సంపుటాల్లో 114 పోయాయని లేదా పనికిరాకుండా పోయాయని, 98 దెబ్బతిన్నాయని 1732 నాటి నివేదిక లెక్క చెప్పింది.

మూసి ఉన్న తోలు పుస్తకం అంత తేలిగ్గా అంటుకోదు. ఆకులు ఒత్తుగా అతుక్కుని ఉంటాయి, మధ్యకు గాలి చేరదు. కాబట్టి కాలేది మూడు బయటి అంచులు, ముఖ్యంగా పైఅంచు, వీపుకు ఎదురుగా ఉండే పక్క అంచు. అసలు దెబ్బ వేడీ నీళ్లూ కలిసి కొట్టింది. తడిసిన తోలుపత్రం సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. దాని పీచు కట్టు వదిలి జిగురులా మారుతుంది, ఆరాక గాజులా పెళుసవుతుంది. అంచు ముడుచుకుని మధ్యభాగం మామూలుగా ఉంటే ఆకు గిన్నెలా వంగి, ఆ రెంటి సరిహద్దులో చీలికలు పడతాయి. బేవుల్ఫ్‌లో రాత ఉన్న చోటు చాలామటుకు ఈ సరిహద్దుకు లోపలే ఉంది. మంట ఆరిన నాటికి కావ్యం దాదాపు మొత్తం చదవడానికి వీలుగానే ఉండి ఉండాలి. అప్పుడే అంచులకు ఏదైనా ఆసరా కట్టి ఉంటే కథ ముగిసేది. కట్టలేదు. నల్లబడ్డ అంచు ఉన్న ఆకుని తిప్పిన ప్రతిసారీ ఒక పెచ్చు రాలుతుంది. 1753లో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడి ఈ ప్రతి దానికి చేరాక ఆకులు తిప్పేవాళ్లు పెరిగారు. రాలడమూ సాగింది.

రాలినదాన్ని కొంతైనా పట్టుకున్నది గ్రీమర్ థార్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడు. డేనిష్ చరిత్ర ఆధారాల కోసం వచ్చి, 1787లో పాత ఇంగ్లిష్ ఏమాత్రం తెలియని నకలుదారుతో కావ్యం మొత్తం రాయించాడు. ఆ తర్వాత తనే ఇంకో నకలు తీశాడు. పండితులు వీటిని ‘ఏ’ అనీ ‘బి’ అనీ పిలుస్తారు. ఇక్కడ తమాషా ఏమిటంటే, భాష రానివాడి నకలే ఎక్కువ నమ్మదగ్గది. వాడు థోర్న్, విన్ అనే పాత అక్షరాలు ఒకదానిలా ఒకటి కనబడి పొరబడొచ్చు గానీ, కళ్లకు కనిపించిన ఆకారాన్నే గీస్తాడు. అక్షరం లేకపోతే ఖాళీ వదులుతాడు. థార్కెలిన్‌కి భాష కొంత తెలుసు కనుక, కనిపించనిది కూడా ఊహించి నింపే ప్రమాదం ఉంది. ‘ఏ’లో ఖాళీ ఉండి ‘బి’లో మాట ఉంటే అనుమానించాలి. రెండూ కలిస్తే ధైర్యంగా తీసుకోవచ్చు. ఇప్పుడు మూలంలో లేని దాదాపు రెండు వేల అక్షరాలు ఈ రెండు నకళ్ల వల్లే తెలుస్తున్నాయి. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగన్ మీద గుళ్లు కురిపించినప్పుడు థార్కెలిన్ ఇల్లు కాలిపోయింది. నకళ్లు బతికాయి. ఆయన 1815లో కావ్యాన్ని లాటిన్ అనువాదంతో తొలిసారి అచ్చు వేయించాడు. అనువాదం నిండా తప్పులున్నాయని వెక్కిరించినవాళ్లు చాలామంది. తర్వాత ఈ కావ్యాన్ని పరిష్కరించినవాళ్లు మాత్రం ఆయన నకళ్ల మీద ఆధారపడక తప్పలేదు.

మరమ్మతు, దాని ఖరీదు

మ్యూజియంలో రాతప్రతుల విభాగానికి 1837లో అధిపతి అయిన ఫ్రెడరిక్ మాడెన్ కాటన్ శకలాల్ని పట్టుదలగా బాగుచేయించాడు. 1845లో బేవుల్ఫ్ వంతు వచ్చింది. బైండర్ హెన్రీ గఫ్ ప్రతి ఆకునీ విడిగా తీసి, దాని కాలిన ఆకారాన్ని బట్టి మందపాటి కాగితంలో కిటికీ కోశాడు. కిటికీని ఆకు కన్నా రవ్వంత చిన్నగా కోసి, ఆ మిగిలిన సన్నని కాగితపు అంచుకు ఆకుని వెనకవైపు నుంచి అతికించాడు. ఇక చేతులు తాకేది కాగితాన్నే, తోలుని కాదు. అక్షరాలు రాలడం ఆ రోజుతో ఆగింది. 114 ఏళ్లలో ఎవరూ చేయని మేలు ఒక బైండర్ జిగురూ కత్తెరా పెట్టుకుని చేశాడు.

దానికి రెండు ధరలు చెల్లించాలి. ఒకటి, ప్రతి ఆకూ విడి చట్రంలోకి వెళ్లడంతో పాత మడతలూ కుట్టు రంధ్రాలూ పోయాయి. ఏ ఆకు ఏ ఆకుకి జతో ఇక చూసి చెప్పలేం. రోమపు వైపు, మాంసపు వైపు, గీతల తీరు కలిపి ఊహించుకోవాలి. మడతకట్టల లెక్క మీద పండితులు ఒక మాట మీద లేకపోవడానికి కారణం ఇదే. రెండోది, ఆకు వెనకవైపు అంచులో ఉన్న అక్షరాల్ని ఆ కాగితపు అంచే కప్పేసింది. ఇలా వందల అక్షరాలు ఉన్నచోటే ఉండి కనబడకుండా పోయాయి. కాగితం ఊడదీస్తే పెళుసు తోలు దానితోపాటే వచ్చేస్తుంది, కాబట్టి విప్పే ప్రశ్న లేదు. 1993లో మొదలైన డిజిటల్ ప్రయత్నంలో కియర్నన్ బృందం ఆకు వెనక ఆప్టికల్ ఫైబర్ దీపం పెట్టి ఫొటోలు తీసింది. ఆ వెలుగుకి వేడి ఉండదు. కాగితం గుండా అది దూసుకొస్తే సిరా నీడలా తేలుతుంది. అతినీలలోహిత కాంతిలో వెలిసిన సిరా కూడా కొంత పైకి వచ్చింది. ఈ ఫొటోలతో ‘ఎలక్ట్రానిక్ బేవుల్ఫ్’ 1999లో వెలువడింది.

ఈ ప్రతి బొమ్మల్ని తెర మీద చూసేవాళ్లు రెండు సంగతులు గమనించుకుంటే తికమక తగ్గుతుంది. ఆకుల సంఖ్యలు రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. పాత లెక్కలో బేవుల్ఫ్ 129వ ఆకు ముందువైపు మొదలై 198 వెనకవైపు ముగుస్తుంది. లైబ్రరీ 1884లో మొదట్లోని మూడు ఆకుల్నీ కలుపుకుని మళ్లీ లెక్కపెట్టింది, దాని ప్రకారం 132 నుంచి 201. పాత లెక్క వేసిన నాటికి రెండు ఆకులు చోటు తప్పి ఉన్నాయి కాబట్టి అక్కడ మూడు కలుపుకున్నా సరిపోదు. ఏ వ్యాసంలోనైనా ‘179వ ఆకు’ అని ఉంటే ఏ లెక్కలోనో ముందు తేల్చుకోవాలి. రెండోది, ముందువైపు పుటలో నష్టం కుడి అంచున ఉంటుంది, అంటే పంక్తుల చివర. అక్కడ లేని అక్షరం నిజంగానే లేదు. వెనకవైపు పుటలో అదే కాలిన అంచు ఎడమకు వస్తుంది, అంటే పంక్తుల మొదట. అక్కడ కాగితపు చట్రం అక్షరాన్ని సగం తినేసినట్టు కనబడితే, మిగతా సగం చాలాసార్లు దాని కిందే ఉంది.